నా కుస్తీ చదువు

మొన్నామధ్య మా ఆడపడుచు కాకినాడ నుంచి ఫోను చేసి, "వదినా! నువ్వు కుస్తీ పడుతున్నావట, నిజమేనా?" అని అడిగింది. ఆ గొంతులో ఆశ్చర్యం కంటే అనుమానమే ఎక్కువగా వినిపించింది. "మీ అన్నయ్యతో కాదులే, బయటివాళ్ళతోనే" అని చెప్పాక గాని ఆవిడ మనసు కుదుటపడలేదు.

నవ్వకండి. నిజంగానే వారానికి రెండు సాయంత్రాలు నేను కుస్తీ పడుతున్నాను. దాని అసలు పేరు బ్రెజిలియన్ జియు జిట్సు. నోరు తిరగడానికే నాకు వారం రోజులు పట్టింది. 2022 అక్టోబరులో మొదలుపెట్టాను, అప్పటికి నాకు నలభై నాలుగేళ్ళు. ఇందులో పెద్దవాళ్ళకి తెలుపు, నీలం, ఊదా, గోధుమ, నలుపు అని అయిదు రంగుల బెల్టులుంటాయి. నల్ల బెల్టు నడుముకెక్కడానికి పదేళ్ళు పట్టినా పట్టవచ్చు. నాది ఇంకా తెల్లదే. కాకపోతే దాని చివర మూడు చిన్న పట్టీలు అంటించారు. నాలుగోది పడితే నీలానికి దగ్గరపడ్డట్టు. మా అమ్మాయి ఇంటర్మీడియెట్ మార్కులకి కూడా నేనింత ఎదురు చూడలేదంటే నమ్మండి.

మేముంటున్నది అబూ ధాబీలో. బ్రెజిల్ కుస్తీకీ, ఈ ఎడారి ఊరికీ ఏమిటి సంబంధం అని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. ఇక్కడి రాజకుటుంబంలోని షేక్ తహనూన్ అనే ఆయన అమెరికాలో చదువుకునేటప్పుడు ఈ విద్యలో పడ్డారట. తిరిగి వచ్చాక ఊరుకోకుండా 1998లో ఇక్కడే పెద్ద పోటీలు పెట్టించారు. 2008 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలకి లెక్కలూ సైన్సుతో పాటు దీన్నీ చెప్పడం మొదలెట్టారు. 2009 నుంచి ప్రపంచ స్థాయి పోటీలు కూడా జరుపుతున్నారు. అంచేత బ్రెజిల్ నుంచి గురువులు విమానాలెక్కి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. మన ఊళ్ళలో సంగీతం మేష్టార్లు దొరికినంత సులువుగా ఇక్కడ కుస్తీ మేష్టార్లు దొరుకుతారు. తలకి ముసుగు బిగించి కట్టుకున్న అరబ్బు ఆడపిల్లలు ఒకళ్ళనొకళ్ళు ఎత్తి కింద పడేస్తుంటే, అమ్మమ్మలు పక్కన కూర్చుని చప్పట్లు కొడతారు.

నేను మాత్రం కుస్తీ నేర్చుకుందామని వెళ్ళలేదు. మా అమ్మాయిని దింపడానికి వెళ్ళాను. దింపి ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళే వ్యవధి ఉండదు. పోనీ కారులో కూర్చుందామంటే బయట నలభై డిగ్రీల ఎండ. అందుకని ఆడవాళ్ళ క్లాసు జరిగే హాల్లోనే, గోడ వారగా ఒక కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకునేదాన్ని. నాలుగైదు వారాలు చూసి చూసి, ఒకరోజు అక్కడి గురువుగారు నా దగ్గరికొచ్చింది. ఆవిడ బ్రెజిల్ మనిషి. ఎత్తు నా భుజం దాకా వస్తుంది, అంతే. "రోజూ కూర్చుంటున్నావు గదా, కూర్చునే బదులు వచ్చి పడుకోరాదూ? ఈ ఆటంతా నేల మీదే" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పగటి వేళ నన్ను పడుకోమన్న మొదటి మనిషి ఆవిడ. కాదనలేకపోయాను.

ఇంట్లో చెబితే మా వారు ఫోన్లోంచి తలెత్తకుండా, "ఈ వయసులో ఎముకలు విరిగితే ఓ పట్టాన అతుక్కోవు" అన్నారు. మా అత్తగారి విషయంలో మాత్రం చిన్న పొరపాటు జరిగింది. ఈ విద్యలో నల్ల బెల్టు వచ్చిన గురువుని ప్రొఫెసర్ అని పిలుస్తారు. వాళ్ళ భాషలో ఆ మాటకి పంతులమ్మ అనే అర్థం, అంతకంటే ఏమీ లేదు. నేను "ప్రొఫెసరు గారి క్లాసుకి వెళ్తున్నానత్తయ్యా" అని చెప్పగానే, ఆవిడ నేను ఎమ్మేలో చేరాననుకున్నారు. సామర్లకోటలో చుట్టాలందరికీ చెప్పుకున్నారు కూడా. అసలు సంగతి తెలిశాక, "పోనీలే, ఏదో ఒక చదువు" అన్నారు. ఆవిడ మంచితనం అది.

చిక్కల్లా నగల దగ్గర వచ్చింది. గాజులు, చెవి దుద్దులు, ముక్కుపుడక, మెట్టెలు ఏవీ ఉండకూడదు. నావీ తెగుతాయి, ఎదుటివాళ్ళకీ గీరుకుంటాయి. గాజులూ దుద్దులూ తీశాను. ఇరవై ఏళ్ళకి పైగా వేలికి అంటుకుపోయిన మెట్టెలు సబ్బు రాస్తే గాని రాలేదు. వాటి కింద చర్మం తెల్లగా, ఎవరో పరాయి మనిషి కాలివేలులా ఉంది. ఇక మిగిలింది మంగళసూత్రం. పసుపుతాడు కట్టుకుని వెళ్దామా అంటే, మెడలో ఏ తాడూ ఉండకూడదంది ప్రొఫెసరమ్మ. ఇందులో మెడ పట్టుకునే పట్లు చాలా ఉన్నాయి మరి. రెండు రోజులు మథనపడి మా అత్తగారికే ఫోను చేశాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "నాకు కడుపు ఆపరేషన్ చేసినప్పుడు తీయించారుగా? ఏమయింది? మీ మావయ్యగారు ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు బతికారు. దేవుడి దగ్గర పెట్టి వెళ్ళు. వచ్చి స్నానం చేసి వేసుకో" అన్నారు. ఇంత సుళువుగా తేలిపోతుందని తెలిస్తే రెండు రోజుల నిద్ర మిగిలేది.

మొదటి రోజున దుప్పటిలాంటి దళసరి నూలు కోటు తొడిగి, బెల్టు కట్టి, నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొయ్యలాగా పక్కకి జరగమన్నారు. జన్మలో రొయ్యని ముట్టని దాన్ని. ఒక పాదం నేలకి తన్ని పెట్టి, నడుము పైకెత్తి వెనక్కి లాగి, ముడుచుకుపోవాలి. హాలు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అలా జరిగేసరికి నాకు మా తాతగారు గుర్తొచ్చారు. కోడి రామ్మూర్తి నాయుడు గారు సర్కస్ లో గుండెల మీదకి ఏనుగుని ఎక్కించుకున్న వైనం ఆయన కథలు కథలుగా చెప్పేవారు. ఆయనకి ఏనుగు ఎక్కినా ఏమీ కాలేదు. నాకు ఎవరూ ఎక్కకుండానే ఆయాసం వచ్చింది.

కానీ చెప్పొద్దూ, నాలుగు వారాలు గడిచేసరికి ఇందులో ఒక రుచి తగిలింది. నా మీద డెబ్భై అయిదు కిలోల మనిషి ఎక్కి కూర్చుంది. ఆవిడ ఈజిప్టు నుంచి వచ్చిన బడిపంతులమ్మ. ఆవిడ చెయ్యి ఒకటి నా రొమ్ముకి అదిమిపట్టి, అదే వైపున్న కాలుని నా పాదంతో అడ్డుకుని, నడుము విల్లులా లేపి ఆ పక్కకి దొర్లించాను. ఆ మహాతల్లి నిజంగానే దొర్లిపోయింది! నా బలం కాదది. గునపంతో బండని కదిపినట్టు, ఎక్కడ ఆనించాలో తెలిస్తే చాలు. ఆ రాత్రి వంటగదిలో గ్యాసు సిలిండరుని చూస్తే కూడా నాకు భయం వెయ్యలేదు.

ఈ విద్య బలహీనుల కోసమే పుట్టిందని మా ప్రొఫెసరమ్మ చెబుతుంది. 1882లో జపానులో జిగోరో కానో అనే ఆయన జూడో బడి పెట్టాడు. ఆ బడిలో తయారైన మిత్సుయో మయేదా అనే వస్తాదు దేశదేశాలు తిరిగి 1914లో బ్రెజిల్ చేరాడు. అక్కడ కార్లోస్ గ్రేసీ అనే కుర్రాడికి తన విద్య నేర్పాడు. కార్లోస్ తమ్ముళ్ళకి నేర్పాడు. అందరిలోకీ చిన్నవాడు హీలియో, బక్కపలచని మనిషి. బలం కావలసిన పట్లు తనవల్ల కావని, కీలు ఎక్కడుంది, బరువు ఎటు వాలుతోంది అని చూసుకుంటూ వాటిని తనకి తగ్గట్టు మార్చుకున్నాడు.

అయితే బలహీనుల విద్య అన్నది మగ బలహీనులకే అయింది చాలాకాలం. 1941లో బ్రెజిల్ ప్రభుత్వం, స్త్రీల స్వభావానికి సరిపడని ఆటలు స్త్రీలు ఆడరాదని శాసనం చేసింది. 1965లో ఆ ఆటలేమిటో జాబితా కూడా రాసి పెట్టారు. అందులో కుస్తీలన్నీ ఉన్నాయి, ఫుట్ బాల్ కూడా ఉంది. 1979లో గాని ఆ నిషేధం పోలేదు. మొట్టమొదటగా ఒక స్త్రీకి, ఈవోనీ దువార్తె అనే ఆవిడకి, నల్ల బెల్టు వచ్చింది 1990లో. ఇదంతా విని నేను ముక్కున వేలేసుకున్నాను. మనకి శాసనం దాకా అక్కర్లేకపోయింది. "ఆడపిల్లవి, ఏమిటా ఎగురుడు?" అన్న ఒక్క మాట సరిపోయింది.

సరే, అసలు చెప్పాలనుకున్న సంగతికి వస్తాను. ఈ ఆటలో మొదటి రోజున నేర్పేది పట్టు కాదు, తట్టడం. ఎదుటి మనిషి చెయ్యి మెలిపెట్టినా, మెడ బిగించినా, ఇక చాలనిపించగానే ఆ మనిషి ఒంటి మీద గాని, నేల మీద గాని రెండుసార్లు తట్టాలి. చేతులు ఖాళీగా లేకపోతే నోటితో చెప్పినా సరే. తట్టిన మరుక్షణం వదిలెయ్యాలి. వదలకపోతే అంతకంటే మర్యాద తక్కువ పని ఆ హాల్లో ఇంకోటి లేదు. వదిలాక ఇద్దరూ చేతులు కలుపుకుని మళ్ళీ మొదలుపెడతారు. గంటలో పదిసార్లు తడతాం. ఎవరూ లెక్కపెట్టరు.

విన్నప్పుడు ఇంతేనా అనిపించింది. కాని నాకు బొత్తిగా పట్టుబడనిది అదే. రొయ్యలా పాకడం వచ్చింది గాని, తట్టడం రాలేదు. చెయ్యి నొప్పి పుడుతుంటే "ఇంకొంచెం చూద్దాం" అనుకునేదాన్ని. ఊపిరాడకపోతే "ఇప్పుడే వదులుతుందిలే" అనుకునేదాన్ని. ఓర్చుకోవడం అంటే మనకి ఉగ్గుపాలతో వచ్చిన విద్య గదా. పన్నెండేళ్ళుగా వారం వారం మా వారి ఆఫీసు కుర్రాళ్ళు ఆరుగురూ ఎనమండుగురూ మా ఇంటికి భోజనానికొస్తారు. ఇదివరకు శుక్రవారాలు వచ్చేవారు. 2022 జనవరిలో ఇక్కడ వారాంతపు సెలవులు శనాదివారాలకి మారాక శనివారాలు వస్తున్నారు. దేశం సెలవులు మార్చుకుంది గాని, మా ఇంట్లో పప్పూ, వేపుడూ, పులుసూ మారలేదు. పిల్లలు మంచివాళ్ళే. "పిన్నిగారూ" అంటూ లొట్టలేసుకుని తింటారు. నాకు నడుము పట్టేసిన రోజున కూడా, ఈ శనివారం వద్దు అనే మాట నా నోటి నుంచి రాలేదు.

2023 మేలో ఒకరోజు, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక నర్సమ్మాయితో తలపడ్డాను. సన్నగా, వెదురు పుల్లలా ఉంటుంది. నా కుడి చేతిని తన రెండు తొడల మధ్య ఇరికించి, మణికట్టు గుండెకి హత్తుకుని, వెనక్కి వాలి నడుము కొద్దికొద్దిగా పైకెత్తింది. మోచెయ్యి దాని మీద ఆని సాగుతోంది. నొప్పి తెలుస్తోంది. నేను తట్టలేదు. ఆ పిల్ల ఆగి ఆగి, నెమ్మదిగా ఇంకో అంగుళం ఎత్తింది. నేనింకా తట్టలేదు. టక్కుమంది.

ఆ తర్వాత నేను ఏడవలేదు గాని, ఆ అమ్మాయి ఏడ్చింది. మంచు ముక్కలు తెచ్చి నా మోచేతికి అద్దుతూ, "సారీ ఆంటీ, సారీ ఆంటీ" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. "ఫరవాలేదమ్మా, నాకేమీ కాలేదు" అన్నాను నేను, అరచెయ్యంత వాచిన మోచెయ్యి చూపిస్తూ.

ప్రొఫెసరమ్మ అందరూ వెళ్ళేదాకా ఉండి నన్ను చివాట్లు పెట్టింది. నేనూ ఊరుకోలేదు. "మీ హీలియో గారు కూడా తట్టలేదు గదా!" అన్నాను. ఆ కథ ఆవిడ చెప్పిందే. 1951లో రియో డి జనీరోలో, మరకానా స్టేడియంలో, జపాను నుంచి వచ్చిన కిమురా అనే మహా బలశాలితో హీలియో కుస్తీకి దిగాడు. కిమురా ఆయన చెయ్యి వెనక్కి మెలిపెట్టాడు. చెయ్యి విరిగినా హీలియో తట్టలేదట. ఆ పట్టుకి ఇవాళ్టికీ కిమురా అనే పేరు. "ఆయన వీరుడా, నేను వెర్రిదాన్నా?" అని అడిగాను.

ఆవిడ నవ్వలేదు. "ఆయన తట్టకపోతే అన్నగారు కార్లోస్ చూసి, తువ్వాలు విసిరి పోటీ ఆపించాడు. అది కూడా చెప్పాను, నువ్వు మర్చిపోయావు. నీకు తువ్వాలు విసరడానికి ఎవరున్నారిక్కడ?" అంది. కాసేపాగి మళ్ళీ అంది. "నీ నొప్పి ఆ పిల్లకెలా తెలుస్తుంది? నీ చెయ్యి ఎంత సాగుతుందో నీకు తెలియాలి. తట్టడం ఓడిపోవడం కాదు, ఎదుటి మనిషికి నువ్విచ్చే కబురు. నువ్వు చెప్పకుండా ఓర్చుకుని, ఏ పాపమూ ఎరగని పిల్లని నేరస్తురాలిని చేశావు. ఇవాళ రాత్రి నువ్వు నిద్రపోతావేమో గాని, అది నిద్రపోదు."

నేను కారెక్కాక ఆ మాటలు నమలడం మొదలుపెట్టాను. ఓర్పు అంటే నా సొంత సొత్తు, దానివల్ల ఎవరికీ నష్టం లేదు అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ. నా ఓర్పుకి ఖరీదు ఇంకొకళ్ళు కట్టవలసి వస్తుందని ఎప్పుడూ తోచలేదు.

మూడు వారాలు చెయ్యి మెడకి వేలాడింది. ఆ మూడు వారాలూ మా వారు ఉప్మా చేశారు. ఆ ఉప్మా గురించి వేరే ఎప్పుడైనా రాస్తాను. తీరిక దొరికింది గనుక రోజూ రాజమండ్రికి, మా అమ్మకి, ఫోను చేసేదాన్ని. అమ్మకి అప్పటికి డెబ్భై ఏళ్ళు. నాన్నగారు పోయాక అన్నయ్య దగ్గరే ఉంటోంది. నా మోచేతి కథ విని, "ఇదేం చదువే! డబ్బులిచ్చి ఓడిపోవడం నేర్చుకుంటున్నావా?" అని నవ్వింది.

మా అమ్మ సంగతి మీకు చెప్పాలి. ఆవిడని ఎప్పుడు ఎలా ఉన్నావని అడిగినా, "నాకేమే, బాగానే ఉన్నాను" అంటుంది. పన్ను పీకించుకున్న రోజున కూడా అదే మాట, కాకపోతే కాస్త ముద్దగా వినిపించింది. ఆ రోజు ఏదో బుద్ధి పుట్టి, "అమ్మా, నీకూ ఆ చదువు నేర్పుతాను. నీకెప్పుడైనా బాగుండకపోతే, అన్నయ్యా వదినా పక్కనుంటే నోటితో చెప్పలేవు గదా. అప్పుడు ఫోను మీద గోటితో రెండుసార్లు తట్టు చాలు. నేను ఏమీ అడగను" అన్నాను. "నీ మొహం, నాకేమొస్తుందే" అంది. నేను బలవంతం చేసి అప్పటికప్పుడు రెండుసార్లు తట్టించాను. చిన్నపిల్లలా నవ్వుకుంటూ తట్టింది. ఆ తర్వాత ఇద్దరం ఆ మాటే మర్చిపోయాం.

2024 మార్చిలో ఒక రాత్రి మామూలుగా ఫోను చేశాను. మేనల్లుడికి ఇంటర్ పరీక్షలు జరుగుతున్నాయి. వాడు ఏం రాశాడో, వదిన ఎలా తెల్లవారుజామున లేచి వాడికి పాలు కాచి ఇస్తోందో అన్నీ చెప్పింది. "నువ్వెలా ఉన్నావమ్మా?" అన్నాను. "నాకేమే, బాగానే ఉన్నాను. పడుకుంటాను మరి" అంది. నేను ఫోను పెట్టెయ్యబోతున్నాను. టక్, టక్.

ఏ చెంచాయో తగిలిందనుకున్నాను. "అమ్మా?" అన్నాను. జవాబు లేదు. మళ్ళీ, నెమ్మదిగా, టక్ టక్.

నా కాళ్ళూ చేతులూ చల్లబడిపోయాయి. వెంటనే వదినకి చేశాను. "ఇప్పుడేగా మజ్జిగన్నం తిన్నారు! బాగానే ఉన్నారు వదినా" అంది ఆవిడ, నిద్ర కళ్ళతో. "నా మాట విను వదినా. ఒక్కసారి ఆ గదిలోకి వెళ్ళి అమ్మ ఒంటి మీద చెయ్యి వేసి చూడు" అన్నాను. ఆవిడ వెళ్ళింది. ఫోనులో ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. తర్వాత వదిన గొంతు, "అయ్యో, జాకెట్టంతా చెమటతో తడిసిపోయిందండీ, లేవండి, లేవండి!" అని అన్నయ్యని కేకెయ్యడం వినిపించింది.

ఆస్పత్రిలో పరీక్ష చేసి, గుండెకి వెళ్ళే రక్తనాళం పూడుకుపోయిందని, ఆ రాత్రికి రాత్రే స్టెంటు వేశారు. నేను అందిన విమానం పట్టుకుని, హైదరాబాదులో దిగి ఇంకోటి ఎక్కి, మర్నాడు చీకటి పడ్డాక రాజమండ్రి చేరాను. అమ్మ మంచం మీద తెల్లగా, చిన్నగా ఉంది. "మూడు రోజుల నుంచీ వీపు మధ్య ఏదో లాగుతోందే. గ్యాసేమోననుకుని జీలకర్ర నీళ్ళు తాగాను. ఆయాసంగా ఉంటే వయసేమోననుకున్నాను. వాడి లెక్కల పరీక్ష అయ్యాక చెబుదామనుకున్నాను" అంది. ఆడవాళ్ళకి గుండె జబ్బు ఎప్పుడూ సినిమాల్లో లాగా గుండె పట్టుకుని కూలబడేటట్టే రాదని, వీపులోనో దవడలోనో నొప్పి, ఆయాసం, చెమట, వికారం ఇలాంటివాటితో కూడా వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఇది మీరూ గుర్తుంచుకోండి, చాదస్తం అనుకోకుండా.

బయట వరండాలో బల్ల మీద మా వదిన ఒక్కర్తీ కూర్చుని ఉంది. రెండు రోజులుగా కట్టుకున్న చీర మార్చలేదు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఏదైనా అయ్యుంటే ఏమయ్యేది వదినా? ఒకే ఇంట్లో ఉండి కోడలు చూసుకోలేదంటారు గదా! మీరు మాత్రం మనసులో అనుకోరా? నన్ను అడిగితే బాగానే ఉన్నానంటారు. నాకెలా తెలుస్తుంది? చెప్పండి, నాకెలా తెలుస్తుంది?"

ఆ ఏడుపు నాకు తెలుసు. మంచు ముక్కలు చేత్తో పట్టుకుని ఆ నర్సమ్మాయి ఏడ్చిన ఏడుపే అది.

నిజం చెప్పాలంటే, వదిన అన్నమాట అక్షరాలా నిజం. అమ్మకి ఆ రాత్రి ఏదైనా అయ్యుంటే నేను అబూ ధాబీలో కూర్చుని వదిననే తప్పు పట్టేదాన్ని. పైకి అనేదాన్ని కాదు. జీవితాంతం లోపల అనుకుంటూ ఉండేదాన్ని. మా అమ్మ ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదనే ఓర్చుకుంది. ఆ ఓర్పే ఒక మంచి మనిషి నెత్తిన మాయని మచ్చ వేసి ఉండేది. "మహా ఓర్పుగల ఇల్లాలు" అని ఎవరినైనా మెచ్చుకుంటుంటే, ఇప్పుడు నాకు ఆ ఇంట్లో మిగిలినవాళ్ళ మీద జాలి వేస్తుంది.

అమ్మని ఇంటికి తెచ్చాక ఒక మధ్యాహ్నం మేం ముగ్గురం మంచం మీద కూర్చుని ఉండగా, ఈ తట్టుడు చదువు వదినకి కూడా చెప్పేశాం. ఇక రహస్యమెందుకు? అమ్మ నా వంక చూసి, "ఆ రోజు తట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించానే. నువ్వు ఏమీ అడగనన్నావు గదా, అందుకని తట్టాను" అంది. మూడు రోజుల నొప్పి చెప్పడానికి ఆవిడకి కావలసింది ఆ పాటి భరోసా. వదిన మాత్రం ఆ చదువులో మా ఇద్దరినీ మించిపోయింది. మా అన్నయ్య పదిమంది స్నేహితుల్ని వెంటేసుకొచ్చి "కాఫీలు" అని కేక వేస్తే, వంటింటి గడప మీద రెండుసార్లు కొడుతోందట. అన్నయ్య వాళ్ళని కాఫీ హోటలుకి తీసుకెళ్తున్నాడట.

నేను తిరిగి వచ్చి మళ్ళీ క్లాసుకి వెళ్ళాను. మొదటి రోజునే ఆ నర్సమ్మాయితో జత పడింది. నా చెయ్యి పట్టుకోవడానికి సంకోచిస్తోంది. "ఫరవాలేదు, పట్టుకో" అన్నాను. అదే పట్టు పట్టింది. నడుము ఇలా ఎత్తిందో లేదో, నేను దాని మోకాలి మీద టపటపా తట్టేశాను. అసలింకా నొప్పి కూడా పుట్టలేదు. ఆ పిల్ల పకపకా నవ్వింది. ప్రొఫెసరమ్మ దూరం నుంచి చూసి ఏమీ అనలేదు గాని, ఆ నెలాఖరున నా బెల్టుకి మూడో పట్టీ అంటించింది. ఏం బాగా చేశానని అడిగితే, "ఏమీ బాగా చెయ్యలేదు, తట్టావు" అంది.

ఇక మా ఇంటి సంగతి ఒకటి మిగిలింది. కిందటి గురువారం రాత్రి భోజనాల దగ్గర మా వారు రెండో మారు సాంబారు వేసుకుంటూ, "ఈ శనివారం తొమ్మిదిమంది వస్తామంటున్నారు. గుత్తివంకాయ చెయ్యమని అడిగారు" అన్నారు. ఆ రోజు నాకు నడుం నొప్పిగా ఉంది. నేను ఏమీ మాట్లాడలేదు. కుడి చెయ్యి చాపి బల్ల మీద గట్టిగా రెండుసార్లు తట్టాను. మా అమ్మాయి కంచంలోంచి తలెత్తి నా వంక చూసి, నవ్వు ఆపుకోలేక నీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకుంది.

మా వారు చటుక్కున లేచి, చెయ్యి కడుక్కుని, వెళ్ళి వీధి తలుపు తీసి అటూ ఇటూ చూసి వచ్చారు.

"ఎవరూ లేరే!" అన్నారు.

ఫరవాలేదు, నేర్చుకుంటారు. ఆయనదింకా తెల్ల బెల్టే.